ఫైలు దాచెడి చోటు

పరీక్షలకు ముందు ఒక విద్యార్థి తన ప్రయోగ నివేదిక కంప్యూటరులో మాయమైనదని కంటతడితో నా వద్దకు వచ్చెను. వెదకి చూడగా అది క్రిందటి నెల పాఠముల ఫోల్డరులో భద్రముగానే ఉన్నది. తప్పు ఎవరిది?

ఫైలు భద్రపరచునప్పుడు తెరచుకొను కిటికీని గమనింపుడు. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీలో దాని ఎడమప్రక్క ఐదు స్థానములుండెడివి. ఒక్కటియు మనము ఎంచుకొన్నది కాదు. మార్చవలెనన్న రిజిస్ట్రీని సవరింపవలెను, లేదా ట్వీక్ యూఐ వంటి ఉపకరణమును తెచ్చుకొనవలెను. చిలకకొయ్య మార్చుటకు గోడ త్రవ్వినట్లు! 2003 నాటి మాక్ ఓఎస్ టెన్ 10.3లో మాత్రము నచ్చిన ఫోల్డరును ప్రక్కపట్టీలోనికి లాగి ఉంచుకొన వీలుండెను.

2015లో విండోస్ 10తో ‘క్విక్ యాక్సెస్’ వచ్చినది. మనము నిలిపిన ఫోల్డరులు గుండుసూది గుర్తుతో పైన ఉండును. మనము తరచుగా తెరచువాటిని యంత్రమే కనిపెట్టి క్రింద చేర్చును. చిక్కంతయు ఈ రెండవ భాగముననే ఉన్నది. పైవి మనము మార్చిననే మారును; క్రిందివి వాటంతట అవే మారుచుండును. తొందరలో ఉన్నవాడు పేరు చదువడు, నిన్నటి చోటనే నొక్కును. మా విద్యార్థి చేసినదియు అదే. నిన్న వెళ్ళిన చోటే నేడును వెళ్ళవలసిన చోటని యంత్రము ఊహించుట నాకు సమ్మతము కాదు.

ఫోల్డర్ ఆప్షన్స్‌లో తరచుగా వాడిన ఫోల్డరులను చూపు గడికి గల టిక్కు తీసివేసిన ఈ ఊహ ఆగును. అంత ముఖ్యమైన మీట భద్రపరచు కిటికీలోనే ఉండవలసినది. ఆ కుర్రవాడు టిక్కు తీసివేసి, నాలుగు ఫోల్డరులను మాత్రము పిన్ చేసికొన్నాడు, మొదటిది ప్రయోగములది.