గుణాత్మక పరిశోధన: బృంద పరిశీలన, జీవితకథనం

ఎస్.సి.దుబే 'ఇండియన్ విలేజ్' (1955)కు ఆధారం శామీర్‌పేటలో వివిధ శాస్త్రాల బృందం జరిపిన పరిశీలన. అందులో కులం, కుటుంబం, ఆరాధనల నిర్మాణం స్పష్టం. వ్యక్తుల గొంతు తక్కువ. డేవిడ్ నైప్ 'వేదిక్ వాయిసెస్' (2015) గోదావరి డెల్టాలోని ఆహితాగ్నుల కుటుంబాలను దశాబ్దాలపాటు మళ్లీమళ్లీ కలిసి నమోదు చేసిన జీవితకథనం. ఇక్కడ వ్యక్తులు కనబడతారు. అగ్రహారం చుట్టూ పొలాల్లో పనిచేసేవారు మాత్రం ఆ ఎంపిక పరిధికి వెలుపలే ఉంటారు.

రామచంద్రపురం ప్రాంతంలో వరినాట్లు వేసే స్త్రీలపై పరిశోధనకు రెండు పద్ధతులూ అవసరమే. నాట్ల కాలంలో వారి వెంట ఉండి చేసే పరిశీలన పని తీరును చూపుతుంది. తీరిక వేళ చెప్పించుకున్న కథనం ఆ పనికి వారిచ్చే అర్థాన్ని తెలుపుతుంది. ఒక్కరోజులో ప్రశ్నావళి నింపించి దానిని క్షేత్రపరిశోధనగా పేర్కొనే సిద్ధాంతగ్రంథం ఈ రెండింటినీ కోల్పోతుంది.