గేరుబాక్సు దించే ముందు

హైదరాబాదు నుంచి కర్నూలు, అనంతపురం, బెంగళూరు మీదుగా కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ధర్మపురి దాటాక అదియమాన్‌కోట్టైకి చేరుతుంది. సంగం కాలంలో తగడూరును, అంటే నేటి ధర్మపురిని, ఏలిన అదియమాన్ నెడుమాన్ అంజి పేరు మీద నిలిచిన ఊరు ఇది. హోసూరు నుంచి రాయకోట, పాలక్కోడు మీదుగా వచ్చే 844వ నంబరు రోడ్డు కూడా ఇక్కడే పెద్దరోడ్డులో కలుస్తుంది. ఇంకాస్త దక్షిణానికి పోతే తొప్పూరు ఘాట్. సేలం వైపు దిగే లారీలకు అది ఎంత ప్రమాదమో మన డ్రైవర్లకూ తెలుసు. సేలం వైపు నుంచి ఎక్కివచ్చే కార్లకు అక్కడ పరీక్ష వేరు. మండే ఎండలో, ఏసీ వేసుకుని, నిండా మనుషులతో సామానుతో, ముందున్న లోడు లారీ వెనక ఆగుతూ కదులుతూ ఎక్కే ఆటోమేటిక్ కారులో గేరుబాక్సు ఆయిలు బాగా కాగుతుంది. చల్లటి పూట ఊళ్లో తిరిగినప్పుడు దాగి ఉన్న కరెంటు లోపం ఆ వేడికి బయటపడుతుంది.

మీటర్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలుగుతుంది. ఒక్క కుదుపు వచ్చి బండి ఏ రెండో గేరులోనో మూడో గేరులోనో ఇరుక్కుపోతుంది. ఎంత తొక్కినా పికప్ ఉండదు. శబరిమలో మదురైయో చూసుకుని తిరిగివస్తున్న తెలుగు కుటుంబం రోడ్డు పక్కన ఆగితే చాలాసార్లు మొదట వినిపించే మాట, ‘గేరుబాక్సు పోయింది, దించాలి’ అని. ఆ మాటకు తల ఊపే ముందు ఒక కార్ ఎలక్ట్రీషియన్ చెయ్యి ఆ బండి మీద పడాలి. నా వాదన అంతా ఇదే.

మెకానిక్ వేరు, ఎలక్ట్రీషియన్ వేరు అన్న విభజన మన రోడ్ల మీద పాతదే. లారీలు ఆగే ప్రతి ఊళ్లోనూ బ్యాటరీ, డైనమో, సెల్ఫ్ మోటారు అని బోర్డు పెట్టుకున్న చిన్న షాపు ఉంటుంది. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో అలాంటి షాపులు వీధులకు వీధులే ఉన్నాయి. చదువుతో కాక, పెద్దవాడి పక్కన కూర్చుని ఆర్మేచర్ చుట్టడం, కాలిన వైరు వాసన పట్టడం, రిలే టిక్కుమంటే గుర్తుపట్టడం నేర్చుకున్న విద్య ఇది. అంబాసిడర్ మీద, లేలాండ్ లారీ మీద పదునెక్కిన ఆ విద్యకు కంప్యూటర్ కార్లతో కాలం చెల్లిందని అనేవాళ్లున్నారు. ఆటోమేటిక్ గేరుబాక్సు విషయంలో నేను సరిగ్గా దీనికి విరుద్ధం అంటాను. ఆ విద్య అక్కర ఇప్పుడే ఎక్కువైంది.

ఎందుకో తెలియాలంటే ఆ పెట్టె లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ గేరుబాక్సు తెచ్చినప్పుడు ఏ గేరు ఎప్పుడు పడాలో ఆయిలు ఒత్తిడే తేల్చేది. ఇప్పుడూ క్లచ్చులను నొక్కేది ఆ ఆయిలే. కానీ ఏ దారిలో, ఎంత ఒత్తిడితో పోవాలో చెప్పేది కంప్యూటర్. దాని ఆజ్ఞ, కరెంటుతో తెరుచుకుని మూసుకునే సోలెనాయిడ్ వాల్వులకు వైర్ల మీదుగా వెళ్తుంది. లోపలికి తిరిగే షాఫ్టు వేగం, బయటికి తిరిగే షాఫ్టు వేగం, ఆయిలు వేడి, లివరు ఎక్కడుంది, బ్రేకు తొక్కారా అన్న వార్తలు సెన్సర్ల నుంచి అదే వైర్ల మీదుగా తిరిగి వస్తాయి. వీటిలో ముఖ్యమైన వార్త ఏదైనా తప్పితే కంప్యూటర్ సోలెనాయిడ్లకు కరెంటు ఆపేసి, కరెంటు లేకపోయినా నిలిచే ఒకే ఒక్క గేరుకు బండిని వదిలేస్తుంది. క్లచ్చులు కాలిపోకుండా, మనిషి షెడ్డు దాకా చేరేలా కావాలనే పెట్టిన ఏర్పాటు అది. అంటే మూడో గేరులో ఇరుక్కున్న బండి తనను తాను కాపాడుకుంటోంది. గేరుబాక్సు చచ్చిందనడానికి అది సాక్ష్యం కాదు.

మంచి ఎలక్ట్రీషియన్ స్కానర్ తియ్యకముందే కొన్ని ప్రశ్నలు తేల్చుకుంటాడు. లివరు పార్కింగ్‌లోంచి కదలడం లేదా? వెనక్కి పోయి బ్రేకు లైట్లు చూస్తాడు. వెలగకపోతే బ్రేకు స్విచ్చో దాని ఫ్యూజో పోయింది. బ్రేకు తొక్కారన్న వార్త అందనిదే లివరు తాళం వదలదు. పార్కింగ్‌లో సెల్ఫ్ పలకకుండా న్యూట్రల్‌లో పలుకుతోందా? అనుమానం లివరు స్థానం చెప్పే స్విచ్చు మీదకు పోతుంది. రివర్సులో వేసినప్పుడు వెనక తెల్లలైటు వెలగకపోతే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. పైసా ఖర్చులేని పరీక్షలివి. తర్వాత బ్యాటరీ. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు పదమూడున్నర నుంచి పద్నాలుగున్నర మధ్య ఉండాలి. బ్యాటరీ నీరసపడితే కంప్యూటర్లన్నీ ఒకదాని మీద ఒకటి ఫిర్యాదులు రాస్తాయి. ఆ కోడ్ల వెంట పరుగెత్తినవాడు సాయంత్రానికి ఎక్కడ మొదలుపెట్టాడో అక్కడే ఉంటాడు.

ఆ తర్వాతే స్కానర్. పీ0700 అన్న కోడ్ వస్తే అది రోగం పేరు కాదు. ‘గేరుబాక్సు కంప్యూటర్ దగ్గర ఏదో ఫిర్యాదు ఉంది, దాన్నే అడగండి’ అని ఇంజన్ కంప్యూటర్ చెప్పడం అంతే. చవక స్కానర్లు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. గేరుబాక్సు కంప్యూటర్‌తో మాట్లాడగల స్కానర్ కావాలి. అది పీ0753 అంటే మొదటి షిఫ్ట్ సోలెనాయిడ్ కరెంటు దారిలో లోపం. వైరు వెంట పోవాలి. పీ0731 అంటే మొదటి గేరులో లోపలి వేగానికీ బయటి వేగానికీ లెక్క కుదరలేదు. క్లచ్చు జారుతోందేమో, ఆయిలు తగ్గిందేమో, లేదా వేగం చెప్పే సెన్సరే అబద్ధమాడుతోందేమో. ఈ రెండు కోడ్ల మధ్య తేడా పట్టుకున్నవాడు సగం పని చేసినట్టే. పట్టుకోనివాడు కోడ్‌లో కనిపించిన భాగం పేరు చూసి కొత్తది తెప్పిస్తాడు. కొత్తది వేసినా లైటు మళ్లీ వెలుగుతుంది. యజమాని జేబుకు చిల్లుపడేది అక్కడే.

ఇక అసలు పాత విద్య. మల్టీమీటర్ పెట్టి చూస్తే సోలెనాయిడ్ వైరులో 12 వోల్టులు చక్కగా చూపిస్తుంది. అయినా సోలెనాయిడ్ కదలదు. మీటరు తాను దాదాపు కరెంటే లాగదు కాబట్టి, పోగులన్నీ తెగి ఒక్క పోగు మీద నిలిచిన వైరు కూడా దానికి మంచి వైరులాగే కనిపిస్తుంది. ఒక్క పోగు మీద నిలిచిన చేదతాడు ఖాళీగా వేలాడుతున్నంతసేపూ గట్టిగానే ఉంటుంది, నిండు చేద తోడబోతేనే తెగుతుంది. అందుకే పాత ఎలక్ట్రీషియన్ చేతిలో టెస్ట్ ల్యాంపు ఉంటుంది. 21 వాట్ల ఇండికేటర్ బల్బు సుమారు రెండు ఆంపియర్లు లాగుతుంది. కప్లర్ విప్పి సప్లై వైరుకు ఆ బల్బు తగిలిస్తే వైరు బలం అక్కడికక్కడే తేలిపోతుంది. నిండుగా వెలిగితే వైరు మంచిది. మినుకుమంటే ఎక్కడో చిలుమో, తెగిన పోగులో ఉన్నాయి. మీటరు ఒక్కదాన్నే నమ్మిన కుర్రాడికి దొరకనిది ఈ బల్బుకు దొరుకుతుంది.

ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. అదే బల్బును సెన్సర్ వైరుకో, కంప్యూటర్ ఆజ్ఞ పంపే వైరుకో తగిలిస్తే లోపలి ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు. లారీ మీద పనికొచ్చిన అలవాటే ఇక్కడ వేలకు వేల నష్టం తెస్తుంది. ఏ వైరుకు బల్బు, ఏ వైరుకు మీటరు అన్నది వైరింగ్ పటం చూసి తేల్చుకోవాలి. రంగు చూసి ఊహించకూడదు.

ఎర్తు చూడటానికి ఇంకో పద్ధతి ఉంది. ఇంజన్ నడుపుతూ, హెడ్‌లైట్లూ ఏసీ వేసి, మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోది గేరుబాక్సు ఒంటికి ఆనించాలి. 0.1 వోల్టుకు అటూఇటూ ఉంటే ఎర్తు బాగుంది. అర వోల్టు చూపిస్తే ఎర్తు పట్టీ విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించాలి. గేరుబాక్సు దించాలన్న బండి ఒక్క ఎర్తు పట్టీతో కుదురుకోవడం ఈ వృత్తిలో ఉన్నవాళ్లెవరికీ వింత కాదు.

వేడికి మాత్రమే కనిపించే లోపాన్ని వేడిలోనే పట్టుకోవాలి. సోలెనాయిడ్ చుట్టలో ఉండేది రాగి. ప్రతి డిగ్రీ వేడికీ దాని నిరోధం దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 12 ఓములు చూపించిన చుట్ట 90 డిగ్రీల ఆయిలులో 15 ఓములకు దగ్గరగా చూపించడం సహజం. వేడెక్కాక 15 బదులు నూరో, అసలు అంతేలేని అంకో చూపిస్తే చుట్ట లోపల తెగింది. ఐదారు ఓములే చూపిస్తే చుట్టలు ఒకదానికొకటి అంటుకున్నాయి. ఒత్తిడిని సన్నగా సర్దే సోలెనాయిడ్లలో మాత్రం ఐదు ఓములే సరైన అంకె కావచ్చు. అందుకే తయారీదారు పుస్తకం పక్కన లేకుండా ఓములు కొలవడం దండగ. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, ఘాట్ ఎక్కివచ్చిన వేడి మీద ఒకసారి కొలిచి రెండూ కాగితం మీద రాసుకునేవాడి మాటకే నేను విలువిస్తాను. స్కానర్‌లో సెన్సర్ అంకెలు కదులుతుండగా ఒకరు తెర చూస్తూ, ఇంకొకరు వైరింగ్‌ను జానెడు జానెడుగా కదిలించడం కూడా ఈ కోవలోదే. అంకె ఒక్కసారి ఎగిరిపడిన చోట విప్పితే ఎలుక కొరికిన గాటో, క్లిప్పుకు రాసుకుని తోలు ఊడిన వైరో కనిపిస్తుంది.

ఆయిలు చేసే దొంగపనులు మరీ విచిత్రం. మెర్సిడెస్ 1996లో తెచ్చిన ఐదు గేర్ల బాక్సులో కప్లర్ దగ్గరి రబ్బరు రింగులు అరిగితే, ఆయిలు వైరు పోగుల సందుల్లోంచి పైకి పాకి కంప్యూటర్ దాకా చేరేది. కంప్యూటర్ సాకెట్ తీసి పిన్నుల దగ్గర ఎర్రటి తడి చూడనివాడికి ఆ లోపం ఎన్నటికీ దొరకదు. 2013 నవంబరులో ఫోక్స్‌వాగన్ ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. ఏడు గేర్ల డీఎస్‌జీ బాక్సుల్లోని సింథటిక్ ఆయిలు వేడి, తేమ ఉన్న ప్రాంతాల్లో కరెంటు లోపాలు తెచ్చే వీలుందని దాన్ని తీసి మినరల్ ఆయిలు పోసింది. ఆయిలు ఒకరి పని, కరెంటు ఇంకొకరి పని అనుకోవడం ఈ బాక్సుల దగ్గర కుదరదు.

నీళ్ల సంగతి మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ వీధుల్లో కార్లు మునిగినప్పుడు, నీరు దిగిన వెంటనే తాళం తిప్పి చూడటమే అన్నిటికన్నా పెద్ద తప్పు. తడిసిన కప్లర్‌లో కరెంటు ఉన్న పిన్నుకే చిలుము ముందు పడుతుంది. మొదట బ్యాటరీ విప్పాలి. సీట్ల కింద, తివాచీ కింద ఉన్న కంప్యూటర్లూ కప్లర్లూ తీసి, బురద కడిగి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పూర్తిగా ఆరాకే కలపాలి. అప్పటికి నడిచినా కొన్ని నెలల తర్వాత ఆ కప్లర్లు మళ్లీ విప్పి చూడాలి. పచ్చటి పొర నిదానంగా వస్తుంది.

2014లో మారుతి సెలెరియోతో వచ్చిన ఏఎంటీ ఈ విద్యకు కొత్త తలుపు తెరిచింది. అందులో గేరుబాక్సు మామూలు మాన్యువల్‌దే. మనిషి కాలూ చెయ్యీ చేసే పనిని ఒక చిన్న పంపు, వాల్వులు, స్థానం చెప్పే సెన్సర్లు చేస్తాయి. కాబట్టి మొరాయిస్తే క్లచ్చుతో పాటు పంపు రిలేనీ, దాని ఫ్యూజునీ ముందుగా చూడాలి. మధ్యతరగతి ఇళ్లకు ఆటోమేటిక్‌ను చేర్చిన బండ్లు ఇవే. వీటి మరమ్మతు రోడ్డు పక్క షాపు తెలివితో జరిగితే ఆ ఇళ్లకు నిజమైన మేలు.

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ లైను గురించీ ఒక మాట. బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన ఈ పద్ధతిలో పెనవేసిన రెండు వైర్లుంటాయి. రెండు కొసల్లో 120 ఓముల చొప్పున రెసిస్టర్లు. బ్యాటరీ విప్పి కొలిస్తే 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక కొస ఊడింది, సున్నాకు దగ్గరైతే వైర్లు అంటుకున్నాయి. తెగిన చోట అతికేటప్పుడు ఆ పెనవేత చెడకూడదు. మామూలు వైరైనా సరే, మెలిపెట్టి టేపు చుట్టే పాత అలవాటు ఇక మానాలి. టంకం వేసి, వేడికి బిగుసుకునే గొట్టం తొడిగిన అతుకే ఇంజన్ పక్కన వేడికీ వానకూ తట్టుకుంటుంది. పోయిన ఫ్యూజు బదులు తీగముక్క చుట్టడం, ఇంజన్ మీద ప్రెషర్ పంపుతో నీళ్లు కొట్టడం కూడా ఈ విద్యకు మచ్చ తెచ్చేవే.

ఈ షాపులకు కావాల్సింది జాలి కాదు. తయారీదారుల వైరింగ్ పటాలు భరించగల ధరకు అందాలి. ఐటీఐల్లో నేర్పే పాఠంలో గేరుబాక్సు కంప్యూటర్‌కూ చోటుండాలి. హోసూరులో అశోక్ లేలాండ్, టీవీఎస్ ఫ్యాక్టరీల చుట్టూ తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినిపించే ఈ ప్రాంతంలో పటం చదవగల చేతులకు కొదవ లేదు.

షాపువాళ్లు తమవంతుగా చేయగలిగినదీ ఒకటుంది. పని అయ్యాక కోడ్లు చెరిపి, కంపెనీ చెప్పిన పద్ధతిలో గేర్ల సర్దుబాటు కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించి, ఆయిలు పూర్తిగా కాగేదాకా నడిపి, స్కానర్ మళ్లీ పెట్టాలి. తర్వాత బిల్లు మీద వచ్చిన కోడ్, కొలిచిన వోల్టులు, ఓములు, అతికిన వైరు ఎక్కడుందో రాసివ్వాలి. ఆ కాగితం గ్లవ్‌బాక్సులో ఉంటే, అదే లైటు ఎప్పుడైనా కర్నూలు దగ్గర మళ్లీ వెలిగినా అక్కడి ఎలక్ట్రీషియన్ మొదటి నుంచి వెతకక్కర్లేదు.