గోల్కొండ చెర, బెడ్‌ఫర్డ్ జైలు

1672లో అబుల్ హసన్ తానీషా గోల్కొండ గద్దె ఎక్కాడు. అదే ఏడాది ఇంగ్లండులో రెండో చార్లెస్ రాజు ఒక ప్రకటన చేసి, అధికారిక చర్చి కట్టుబాట్లకు ఒప్పుకోని క్రైస్తవుల మీద శిక్షలు నిలిపేశాడు. దాంతో బెడ్‌ఫర్డ్ జైలు నుంచి జాన్ బన్యన్ అనే బోధకుడు పన్నెండేళ్ల తర్వాత బయటికొచ్చాడు. అక్కడ ఒక ఖైదీకి తలుపు తెరుచుకున్న ఏడాదే, ఇక్కడ ఇంకో ఖైదీని లోపల వేయబోయే ప్రభువు వచ్చాడన్నమాట. మన కంచర్ల గోపన్నకూ పన్నెండేళ్లే అంటుంది జనశ్రుతి. తానీషా ఏలింది మొత్తం పదిహేనేళ్లు కాబట్టి చరిత్రకారులు ఆ లెక్కను కాస్త అనుమానంగా చూస్తారు. జనం మాత్రం పన్నెండుకు తక్కువ ఒప్పుకోరు.

గోపన్న భక్త రామదాసు అయిన కథ తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. బన్యన్ గురించే నాలుగు మాటలు చెప్పాలి. 1628లో బెడ్‌ఫర్డ్ పక్కన ఎల్‌స్టో అనే పల్లెలో పుట్టాడు. తండ్రి గిన్నెలకు మాట్లు వేసి బతికేవాడు. కొడుకూ ఆ పనే పట్టాడు. పెళ్లినాటికి ఇంట్లో కంచం, చెంచా కూడా లేవని తానే రాసుకున్నాడు. భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్నది రెండు భక్తి పుస్తకాలు. ఆ తర్వాత ఏళ్ల తరబడి నరకభయం అతన్ని పీడించింది. చివరికి దేవుడి కృప తనకూ అందిందన్న నమ్మకం కుదిరాక బోధించడం మొదలుపెట్టాడు. 1660లో రాచరికం తిరిగొచ్చింది. అధికారిక చర్చి బయట సభలు పెట్టి బోధించేవాళ్ల మీద పాత చట్టం దుమ్ము దులిపారు. ఆ నవంబరు 12న ఒక పల్లెలో ప్రార్థనకు కూర్చోబోతుంటే పట్టుకెళ్లారు. వారంటు ఉందని ముందే తెలుసు. తప్పుకోమని మిత్రుడొకడు చెప్పాడు కూడా. తాను పారిపోతే కొత్తగా నమ్మినవాళ్లు ఏమైపోతారని ఆలోచించి ఆగిపోయాడు.

గోపన్న పాల్వంచ పరగణాకు తాసీల్దారు. తానీషా మంత్రులు అక్కన్న, మాదన్న సొంత మేనమామలు. బన్యన్‌కు దర్బారులో పేరు చెప్పుకునే దిక్కు లేదు. అయినా ఒక్క విషయంలో అతను గోపన్నకంటే అదృష్టవంతుడు, లేదా దురదృష్టవంతుడు: జైలు తాళంచెవి అతని నోట్లోనే ఉంది. మూడు నెలలు లోపల ఉండు, ఆ తర్వాతా లొంగకపోతే దేశం విడిచిపో, చెప్పకుండా తిరిగొస్తే ఉరి అన్నారు న్యాయాధికారులు. దేశం నుంచి వెళ్లగొట్టనూ లేదు, ఉరి తీయనూ లేదు, అలా ఉంచేశారు. ఇక బోధించను అని ఒక్క మాట అంటే ఏ రోజైనా ఇంటికి పోవచ్చు. అనలేదు. ఇవాళ వదిలితే రేపే బోధిస్తానన్నాడు. గోపన్న బయటపడాలంటే మాత్రం ఆరు లక్షలు కట్టాలి. అవి భద్రాచలంలో రాముడి గుడిగోపురమై, నగలై కూర్చున్నాయి. బన్యన్‌ది రోజూ పొద్దున్నే లేచి మళ్లీ ఎంచుకున్న కష్టం. గోపన్నది నెత్తిన పడ్డ కష్టం. వాళ్ల రాతల్లో తేడాకు సగం కారణం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. కష్టాన్ని ఎంచుకున్నవాడికి కోపం చూపించడానికి ఎవరూ మిగలరు. వాడికి మిగిలేది అపరాధభావం.

గోపన్న కోపం సంగతి తెలిసిందే. 'ఇక్ష్వాకు కులతిలక' కీర్తనను కచేరీ సంగీతంగా వినీ వినీ అందులో ఎంత లెక్కాచారం ఉందో మరిచిపోయాం. ప్రాకారానికి ఇంత అయింది, భరతుడికి పచ్చలు, లక్ష్మణుడికి ముత్యాలు, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, సీతమ్మకు చింతాకు పతకం, ఇదిగో దీనికింత, దానికింత. తాసీల్దారు కదా, తిట్టినా పద్దు రాసినట్టే తిడతాడు. ఆ నగలు పెట్టుకుని కులుకుతున్నావే, ఇవేమైనా నీ తండ్రి చేయించాడా, మామ పెట్టాడా అని నిలదీస్తాడు. వెంటనే తగ్గి, దెబ్బలకు ఓర్వలేక నోరు జారాను, కోపగించుకోకు అంటాడు. ఇంత మాటా అన్నాక కూడా వేరే దేవుడి గడప తొక్కుతానని మాత్రం అనడు. తిట్టడానికైనా ఆ ఒక్కడే కావాలి. శరణాగతి అంటే నోరు మూసుకుని తలవంచడమే అనుకునేవాళ్లకు ఈ కీర్తన ఇబ్బంది పెట్టాలి.

బన్యన్ జైలులో 'గ్రేస్ అబౌండింగ్' పేరుతో తన ఆత్మకథ రాశాడు. 1666లో అచ్చయింది. దానిలో దేవుణ్ణి తిట్టిన వాక్యం ఒక్కటీ దొరకదు. క్రైస్తవంలో దేవుణ్ణి నిలదీయకూడదన్న నియమమేమీ లేదు. యోబు దేవుణ్ణి వాదానికి పిలిచాడు. దావీదు పేరిట ఉన్న కీర్తనల్లో ఫిర్యాదులు బోలెడు. సిలువ మీద యేసు సైతం తండ్రిని, ఎందుకు విడిచిపెట్టావని అడిగాడు. బన్యన్‌కు ఇవన్నీ కంఠతా వచ్చు. అయినా అతని గొడవంతా తనతోనే. అతని నమ్మకంలో దేవుడు మనిషికి ఏమీ బాకీ లేడు. బాకీపడ్డవాడు మనిషే, ఆ అప్పు కూడా క్రీస్తు తీర్చేశాడు. గోల్కొండలోనేమో దేవుడే బాకీదారు, ఎంత బాకీయో వరహాలతో సహా పద్దు ఉంది.

అయితే ఆ ఆత్మకథలో ఒకచోట బన్యన్ గోపన్నకంటే భయంకరమైన అంచు దాకా వెళ్తాడు. జైలుకొచ్చిన కొత్తల్లో, ఉరి తప్పదేమో అనుకుంటున్న రోజులవి. చావంటే భయం ఉంది, అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది: ఉరికొయ్య నిచ్చెన ఎక్కేటప్పుడు కాళ్లు వణికితే, మొహం పాలిపోతే, చూసేవాళ్లు దేవుణ్ణి చూసి నవ్వరూ? దేవుడు ఒక్క ఊరట మాటైనా వినిపిస్తాడేమోనని వారాల తరబడి ఎదురుచూశాడు. వినిపించలేదు. అప్పుడొక నిర్ణయానికి వస్తాడు. ఆయన నన్ను ఆదుకుంటాడా లేదా అన్నది ఆయనిష్టం. నేను ఆయన మాట మీద నిలబడాలా వద్దా అన్నది నా ఇష్టం కాదు. స్వర్గమైతే స్వర్గం, నరకమైతే నరకం, కళ్లు మూసుకుని ఆ నిచ్చెన మీదనుంచి దూకేస్తాను. పట్టుకుంటే పట్టుకుంటాడు, లేకపోతే ఆయన పేరు మీదే పోతాను. ప్రతిఫలం మీద ఆశ అంతా వదిలేసిన ఈ చోటు, నాకు తెలిసినంతలో క్రైస్తవ సమర్పణ గురించి రాసిన అతి నిజాయితీ గల పేజీల్లో ఒకటి. గోపన్న తన దేవుడు వస్తాడనే నమ్మకంతో తిట్టాడు. బన్యన్ రాకపోయినా ఫరవాలేదని దూకడానికి సిద్ధపడ్డాడు. గోపన్నది చనువు, బన్యన్‌ది తెగింపు. ఏది ఎక్కువ అని అడిగితే నేను చెప్పలేను.

ఇద్దరి కథల్లోనూ ఒక ఇల్లాలు మధ్యవర్తిగా నిలబడుతుంది. రామదాసు రాముడితో పని కానప్పుడు సీతమ్మను పట్టుకుంటాడు: ఏకాంతంలో ఉన్నప్పుడు నా సంగతి ఒక మాట చెవిన వేయమ్మా అని. తెలుగింట్లో పనులెలా జరుగుతాయో తెలిసినవాడు. బెడ్‌ఫర్డ్‌లో ఆ పాత్ర బన్యన్ రెండో భార్య ఎలిజబెత్‌ది, ఆమె వెళ్లింది నిజం జడ్జీల ముందుకు. మొగుడు జైలుకు పోయిన దిగులులో నెలలు నిండకుండానే కాన్పయి, బిడ్డ దక్కలేదు. మొదటి భార్య పిల్లలు నలుగురున్నారు, వాళ్లలో మేరీ పుట్టుగుడ్డి. 1661 ఆగస్టులో అర్జీ పట్టుకుని, స్వాన్ అనే సత్రంలో కూర్చున్న న్యాయమూర్తుల ఎదుట నిలబడింది. మాథ్యూ హేల్ అనే జడ్జి జాలిపడ్డాడు, పని మాత్రం చేయలేకపోయాడు. నీ మొగుడు బోధించడం మానేస్తాడా అని ఇంకో జడ్జి అడిగితే, నోరు పెగిలినంతకాలం మానడు అంది. మాట్లు వేసుకునే పేదవాడు కాబట్టే న్యాయం చేయడం లేదని మొహం మీదే అనేసింది.

బన్యన్ జైల్లో కూర్చుని లేసులు తయారుచేసేవాడు, కొసన రేకు ముక్క బిగించినవి, గ్రోసుల లెక్కన. వాటితోనే ఇల్లు గడవాలి. గుడ్డిపిల్ల గురించి రాసిన చోట అతని కలం తడబడుతుంది. చలికి, ఆకలికి, అడుక్కోవడానికి ఆ పిల్లను నేనే అప్పజెబుతున్నానా అని కుంగిపోతాడు. ఆ పేజీలోనే, ఇంతగా బైబిలు తనకు ఎన్నడూ తెరుచుకోలేదని, చెరలోనే క్రీస్తు కళ్లెదుటికి వచ్చాడని సంతోషపడతాడు. గోపన్న కీర్తనల్లో మాత్రం జైలుకు కృతజ్ఞత చెప్పిన జాడ లేదు. ఈ కష్టం నా మంచికే అన్న మాట ఆయన నోట రాదు. ఆయనకు కావలసింది విడుదల, అంతే. ఆ మొండితనం నాకు నచ్చుతుంది. కష్టాన్ని తొందరపడి వరంగా లెక్కేసుకునే భక్తిలో కొంత బుకాయింపు ఉంటుంది. బన్యన్‌లో అది లేదు, ఎందుకంటే అతను ఆ సంతోషం పక్కనే గుడ్డిపిల్లను కూర్చోబెట్టాడు.

కష్టానికి అర్థం చెప్పే పని గోపన్న కథలో జనం తీసుకున్నారు. పోయిన జన్మలో ఒక చిలకను పన్నెండు రోజులు పంజరంలో పెట్టాడట. అందుకే పన్నెండేళ్లు చెర. మనవాళ్లు కష్టానికి కారణం వెనక వెతికారు. బన్యన్ గమ్యం ముందు వెతికాడు. 1678లో అచ్చయిన 'పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్'లో కష్టాలన్నీ ఒక దారి మీద ఊళ్లూ లోయలూ అయిపోతాయి. నీకొచ్చింది ఎందుకొచ్చిందని ఎవరూ చెప్పరు, దాని తర్వాత ఏ ఊరొస్తుందో చెబుతారు. నిరాశ అనే రాక్షసుడు యాత్రికుల్ని సందేహ దుర్గంలో పడేసి చావగొడతాడు. రోజుల తర్వాత ఒకడికి గుర్తొస్తుంది, తన రొమ్ము దగ్గరే వాగ్దానం అనే తాళంచెవి ఉందని. నిజజీవితంలో పన్నెండేళ్లు తాళంచెవిని వాడనని పట్టుబట్టినవాడు కథలో ఇంకో తాళంచెవిని చేతికివ్వడం వింతగా లేదూ?

ఇద్దరి దగ్గరా మింగుడుపడనివీ ఉన్నాయి. గోపన్న ఖర్చుపెట్టింది ఎవరి సొమ్ము? రైతు కట్టిన శిస్తు. భక్తి అంతా పక్కన పెడితే తానీషా అడిగింది న్యాయమైన జమాఖర్చే. అలాగే బన్యన్ పుస్తకంలో అన్యమతం అనే రాక్షసుడు ఎప్పుడో చచ్చి గుహలో ఎముకలై పడి ఉంటాడు. పక్కన పోపు అనే రాక్షసుడు ముసలివాడై గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంటాడు. ఆ రచయిత భద్రాచలం చూసి ఉంటే ఏమనేవాడో ఊహించుకోవచ్చు. కథ చివర, అజ్ఞాని అనే పాత్ర స్వర్గం గుమ్మం దాకా వచ్చినా కాళ్లూచేతులూ కట్టి నరకంలోకి తోసేస్తారు. ఎన్నిసార్లు చదివినా అక్కడ నాకు ఒళ్లు మండుతుంది.

విడుదలలు రెండూ అనుకోని చేతుల మీదుగానే వచ్చాయి. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ పేర్లతో అర్ధరాత్రి వచ్చి డబ్బు కట్టి రసీదు తీసుకున్నది తానీషా దగ్గర. పన్నెండేళ్లు పిలిచిన గోపన్నకు దర్శనం లేదు, పిలవని సుల్తానుకు అయింది. కథ అల్లినవాళ్లు ఎంత గడుసువాళ్లో ఇక్కడ తెలుస్తుంది. ఇక చార్లెస్ ఆ ప్రకటన చేసింది బన్యన్ మీద ప్రేమతో కాదు. కాథలిక్కులకు వెసులుబాటు కల్పించడం అందులో పెద్ద ఉద్దేశం. బన్యన్ ముసలి రాక్షసుడని వెక్కిరించిన మతం పుణ్యమా అని అతనికి తలుపు తెరుచుకుంది. తర్వాతి కాలంలో గోల్కొండ ముత్యాలు భద్రాద్రి తలంబ్రాలయ్యాయి; అలాగే బన్యన్‌ను చెరలో పెట్టిన చర్చికి చెందిన వెస్ట్‌మినిస్టర్ అబీలో 1912లో అతని పేర రంగుటద్దాల కిటికీ పెట్టారు.

వీళ్లిద్దరూ అతి దగ్గరగా వచ్చేది ఇంకో చోట, నా లెక్క ప్రకారం 1684లో. అప్పటికి గోపన్న, జనశ్రుతి నిజమైతే, ఇంకా లోపలే ఉన్నాడు. బన్యన్ ఆ ఏడాది తన పుస్తకానికి రెండో భాగం వేశాడు. మొదటి భాగంలో యాత్రికుడు చెవుల్లో వేళ్లు పెట్టుకుని, ఏడుస్తున్న పెళ్లాంబిడ్డల్ని వదిలి ఒంటరిగా పరుగెత్తాడు. రెండో భాగంలో ఆ భార్యాబిడ్డలే బయల్దేరతారు, తోడు కత్తి పట్టిన ఒక మార్గదర్శి ఉంటాడు. దారిలో కర్రలమీద నడిచే కుంటివాడు, గుండె దిటవు లేనివాడు, దిగులుమనిషీ అతని కూతురూ కలుస్తారు. భయస్థుడు అనే ఒకడి సంగతి మార్గదర్శి నవ్వుకుంటూ, ప్రేమగా చెబుతాడు. వాడు అడుగడుగునా సణిగాడు, గుమ్మాల దగ్గర తలుపు కొట్టడానికి జంకి గంటలు నిలబడ్డాడు, దారి పొడుగునా ఎవరికీ మనశ్శాంతి లేకుండా చేశాడు. మొదటి భాగం రాసిన బన్యన్ ఇలాంటివాణ్ణి ఏ బురదలోనో వదిలేసేవాడేమో. ఈ బన్యన్ మాత్రం, ఆ భయస్థుడు చివరి నది దాటే రోజున నీళ్లు అంతకుముందెన్నడూ లేనంత తక్కువగా ఉన్నాయని, పాదాలు తడిసీ తడవకుండా దాటాడని రాశాడు. దెబ్బలకు ఓర్వలేక నోరు జారానని చెప్పుకున్న మన తాసీల్దారుకు ఈ మనిషి బాగా అర్థమయ్యేవాడు.