జంట రోకళ్ళ బండి

2013 ఏప్రిల్‌లో పోలో జీటీ టీఎస్‌ఐ కారు మన రోడ్ల మీదికి వచ్చినప్పుడు చాలామంది దాన్ని గుర్తుపట్టను కూడా లేదు. వీధిలో రోజూ కనిపించే మామూలు పోలోకీ దీనికీ పైకి తెలిసే ముఖ్యమైన తేడా 'జీటీ' అన్న బిళ్ళ. పొడవు నాలుగు మీటర్ల లోపే. ఇంజిను 1197 సీసీ. పుణె దగ్గర చాకణ్ ఫ్యాక్టరీలో తయారైన ఆ చిన్న బండి 105 పీఎస్ శక్తినిచ్చేది. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి 9.7 సెకన్లలో చేరుతుందని కంపెనీ చెప్పింది. 2022లో ఇక్కడ పోలో తయారీ ఆగిపోయింది. ఇప్పుడు ఆ బండి కావాలంటే ఎవరో ఒకరు వాడినదాన్నే వెతుక్కోవాలి.

నేనూ అలాగే వెతికాను. హైదరాబాదులో కొంపల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్ళిరావడానికి, నడుపుతుంటే మనసుకు హుషారుగా ఉండే బండి కావాలనుకున్నాను. మూడు నెలల్లో పదకొండు బండ్లు చూశాను. ఒక్కో బండి బానెట్ ఎత్తుతున్నకొద్దీ ధర మాట వెనక్కిపోయి, దాన్ని మలిచినవాళ్ళ పనితనం మీదికే మనసు పోయింది. ఆ పనితనం అర్థమయ్యాకే ఏ బండి కొనాలో, దేన్ని వదిలెయ్యాలో తెలిసింది.

ఇంజిను సంగతి ముందు. మామూలు పెట్రోలు ఇంజిను గాలిని తనంతట తాను పీల్చుకుంటుంది. దీంట్లో ఆ గాలిని టర్బో లోపలికి నెడుతుంది. సైలెన్సర్ దారి పట్టిన వేడి పొగ పోతూపోతూ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అవతలి కొసన ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజినులోకి తోస్తుంది. వృథాగా పోయే పొగతోనే పని చేయించుకోవడం ఇందులోని తెలివి. ఒత్తిన గాలి వేడెక్కుతుంది, వేడి గాలి పలచబడుతుంది, పలచబడితే లాభం తగ్గుతుంది. అందుకని సిలిండర్లకు గాలి పంచే గొట్టాల గూట్లోనే నీళ్ళతో చల్లబరిచే ఇంటర్‌కూలర్‌ని ఇమిడ్చారు. గాలి తిరిగే దారి పొట్టిదవడంతో, కాలు వేసిన వెంటనే బండి అందుకుంటుంది. 175 న్యూటన్ మీటర్ల లాగుడు 1500 ఆర్‌పీఎం దగ్గరే పూర్తిగా దొరికి, 4100 దాకా తగ్గకుండా నిలుస్తుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిను గోల పెట్టకుండా పైకి తీసుకుపోయేది ఈ లాగుడే. మనవాళ్ళు 'పికప్' అనేదీ ఇదే.

టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. దాన్ని పట్టి ఉంచేది వెంట్రుక కన్నా పలచని నూనె పొర. కాబట్టి ఈ బండి ఆయుష్షు చాలావరకు ఇంజిన్ ఆయిల్ చేతుల్లో ఉంటుంది. 502 00 అన్న ప్రమాణానికి సరిపోయే ఆయిల్ పోశారా, ఏడాదికి ఒకసారైనా మార్చారా అన్నది సర్వీసు రికార్డులో మొదట చూడాల్సిన వరస. తక్కువ తిరిగిన బండి అని మురిసిపోవడం పొరపాటు. ఏడాదికి మూడు వేల కిలోమీటర్లే తిరిగి, రెండేళ్ళు ఆయిల్ మార్చని బండి కన్నా, ఏడాదికి పదిహేను వేలు తిరిగి ప్రతిసారీ మార్పించుకున్న బండే నయం.

నాతో వచ్చిన మెకానిక్ అన్న బాలానగర్‌లో జర్మన్ బండ్ల పనే చేస్తాడు. ఒక ఇంటి ముందు ఆగామో లేదో, ఆయన ఎవరినీ పలకరించకుండా నేరుగా వెళ్ళి బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. ఇంజిను వెచ్చగా ఉంది. "సార్, మనమొస్తమని తెలిసి పొద్దున్నే తిప్పిపెట్టిండ్రు. ఇగ చూసుడు దండగ" అన్నాడు. ఎందుకన్నా అని అడిగితే విడమరచి చెప్పాడు. రాత్రంతా చల్లారిన ఇంజినులో నూనె కిందికి దిగి ఉంటుంది. స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లలో వచ్చే గలగల చప్పుడూ, టర్బో సీలు అరిగితే సైలెన్సర్ నుంచి వచ్చే నీలి పొగా అప్పుడే బయటపడతాయి. ఇంజిను ఒకసారి వేడెక్కాక రెండూ దాక్కుంటాయి.

ఇంకో విషయం. ఈ ఇంజిన్లో పెట్రోలు నేరుగా సిలిండర్లోకే, వందకు పైగా బార్ల ఒత్తిడితో చిమ్ముతుంది. అందువల్ల ఇంధనం వృథా కాదు. కానీ పాత పద్ధతిలో గాలి వచ్చే వాల్వులను పెట్రోలే కడిగేది. ఇక్కడ ఆ కడుగుడు లేదు. ఏళ్ళు గడిచేకొద్దీ వాల్వుల వెనక మసి గట్టిపడుతుంది. ఆగి ఉన్నప్పుడు ఇంజిను తడబడుతూ, సన్నగా వణుకుతూ ఉంటే ముందు అనుమానించాల్సిన వాటిలో ఇది ఒకటి. మసిని శుభ్రం చేయించుకోవచ్చు. బేరంలో ఆ ఖర్చు తగ్గించమంటే సరిపోతుంది.

ఇక గేర్‌బాక్సు. నన్ను కట్టిపడేసింది ఇదే. దీని పేరు డీఎస్‌జీ, ఏడు గేర్లు. లోపల ఉన్నది ఒక గేర్‌బాక్సులో ఒదిగిన రెండు గేర్‌బాక్సులు అనుకోవచ్చు. ఒకటి, మూడు, ఐదు, ఏడు గేర్లు ఒక క్లచ్ కింద ఉంటాయి. రెండు, నాలుగు, ఆరు, రివర్సు ఇంకో క్లచ్ కింద. రెండింటికీ వేర్వేరు ఇరుసులు. చోటు కలిసిరావాలని ఒక ఇరుసును గొట్టంలా బోలుగా చేసి, రెండోదాన్ని దాని కడుపులోంచి పోనిచ్చారు. బండి మూడో గేరులో పోతున్నప్పుడే నాలుగో గేరు రెండో ఇరుసు మీద పడి సిద్ధంగా ఉంటుంది. మారాల్సిన క్షణంలో ఒక క్లచ్ విడుస్తూ ఉండగానే రెండోది పట్టుకుంటుంది. మా అమ్మమ్మ, మేనత్త ఒకే రోట్లో వడ్లు దంచేవాళ్ళు. ఒకరి రోకలి లేస్తుండగా ఇంకొకరిది పడేది. లయ ఎక్కడా తెగేది కాదు, రెండు రోకళ్ళు ఎప్పుడూ తగులుకునేవి కావు. డీఎస్‌జీ నడక అచ్చం అదే. చక్రాలకు అందే లాగుడు తెగినట్టే అనిపించదు. చెవికి ఇంజిను స్వరం ఒక మెట్టు దిగినట్టు వినిపిస్తే, గేరు మారిందన్నమాట.

ఆ లయ చూసుకునేది మెకట్రానిక్ అనే భాగం. సెన్సర్లు, కంప్యూటరు, నూనె పంపు, చిన్నచిన్న వాల్వులు అన్నీ అందులోనే. కాలు ఎంత నొక్కాం, వేగం పెరుగుతోందా తగ్గుతోందా అని చూసి, తర్వాత కావలసింది పై గేరో కింది గేరో ఊహించి ముందే వేసి ఉంచుతుంది.

అయితే ఈ క్లచ్‌లు పొడివి. నూనెలో మునిగి ఉండవు. నూనెను తోస్తూ తిరగాల్సిన భారం లేకపోవడంతో మైలేజీ కలిసొస్తుంది. మైలేజీ పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ లెక్కలో లీటరుకు 17.2 కిలోమీటర్లు రావడంలో దీని వాటా ఉంది. కానీ వేడిని మోసుకుపోయే నూనె కూడా లేదు కదా. అమీర్‌పేట సాయంత్రంలో అడుగు ముందుకు, ఆగు, మళ్ళీ అడుగు అంటూ పాకుతుంటే క్లచ్ పూర్తిగా పట్టదు, పూర్తిగా విడవదు. హాఫ్ క్లచ్‌లో రాసుకుంటూ కాగుతుంది. తీరిగ్గా హైవే మీద తిరిగిన బండిలో ఎనభై వేలకూ గట్టిగా ఉన్న క్లచ్, ఊళ్ళోనే నలిగిన బండిలో సగం దూరానికే అరిగిపోవచ్చు. అందుకే నేను ప్రతి యజమానినీ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అడగక ముందు, ఎక్కడ తిరిగిందో అడిగాను.

ఈ గేర్‌బాక్సును పరీక్షించడానికి ఓపిక కావాలి. ఇంజినుకు చల్లని స్టార్టు ఎంత ముఖ్యమో, గేర్‌బాక్సుకు వేడెక్కడం అంత ముఖ్యం. ముప్పై నలభై నిమిషాలు ట్రాఫిక్‌లో తిప్పాక, చదునైన చోట ఆపి, బ్రేకు మీంచి కాలు తియ్యాలి. బండి నీళ్ళ మీద పడవలా మెల్లగా కదలాలి. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు సీటు కింద గడగడమని వణుకు తెలిస్తే క్లచ్ అరిగిందని అర్థం. రివర్సులో సెల్లార్ ర్యాంపు ఎక్కించి చూడాలి. బరువంతా రెండో క్లచ్ మీద పడే సందర్భం అది. డి నుంచి ఆర్‌కు, ఆర్ నుంచి డికి మార్చినప్పుడు దభీమని తగలకూడదు. మీటర్ల మధ్య గేరు గుర్తు మిణుకుమిణుకుమంటే ఇక మాటలు అక్కర్లేదు. మెకట్రానిక్ మార్చాల్సి వస్తే లక్ష రూపాయల పైమాటే.

తెచ్చుకున్నాక నడిపే పద్ధతి కూడా ఉంది. ఆగినప్పుడు బ్రేకు గట్టిగా నొక్కి ఉంచితే క్లచ్ పూర్తిగా విడిపోతుంది. అరకొరగా నొక్కితే లోపల రాసుకుంటూనే ఉంటుంది. ముందు బండి కదిలిన ప్రతిసారీ జానెడు జానెడు పాకకుండా, రెండు కార్ల జాగా ఏర్పడే దాకా ఆగి ఒక్కసారి కదలడం మేలు.

2020 మార్చిలో బీఎస్6 కాలుష్య నిబంధనలకు మారినప్పుడు ఈ ఏర్పాటు పోయింది. 999 సీసీ మూడు సిలిండర్ల ఇంజిను వచ్చింది. శక్తి 110 పీఎస్, లాగుడు అదే 175. డీఎస్‌జీ బదులు ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, దానికి తోడు ఆరు గేర్ల మాన్యువల్ ఇచ్చారు. టార్క్ కన్వర్టర్‌లో ఇంజినుకూ గేర్లకూ మధ్య నూనే చేతులు కలుపుతుంది. ఒక ఫ్యాను గాలికి ఎదురుగా ఉన్న ఇంకో ఫ్యాను తిరిగినట్టు. బయల్దేరేటప్పుడు అరిగే పలక ఉండదు కాబట్టి ట్రాఫిక్‌ను బాగా ఓర్చుకుంటుంది. మూడు సిలిండర్ల సన్నని అదురు మాత్రం ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్‌లో తెలుస్తుంది. జంట రోకళ్ళ లయ ఉండదు.

బాడీ సంగతికి వస్తే, 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో ఎయిర్‌బ్యాగులు లేని పోలోకి ఒక్క స్టారూ రాలేదు. రెండు ఎయిర్‌బ్యాగులున్న అదే పోలోకి నాలుగు వచ్చాయి. జీటీకి ఎయిర్‌బ్యాగులతో పాటు బండి జారిపోకుండా పట్టే ఈఎస్‌పీ కూడా ఉంది. అయితే ఈ రక్షణంతా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రేకు చెక్కుచెదరనప్పుడే. టింకరింగ్ పని ఎంత నున్నగా చేసినా బోల్టులు నిజం చెప్పేస్తాయి. బానెట్ కీలు దగ్గరా, ముందు మడ్‌గార్డు అంచునా ఉన్న బోల్టు తలల మీది రంగు చూడండి. పానా పడిన బోల్టుకు మూలల్లో రంగు పగిలి మెరుస్తుంది. అద్దాలన్నిటి మూలల్లో తయారీ సంవత్సరం గుర్తు ఉంటుంది, ఒకదానితో ఒకటి కలవాలి. సీటు బెల్టును చివరిదాకా లాగితే అడుగున తేదీ చీటీ కనిపిస్తుంది. బండి కన్నా బెల్టు కొత్తదైతే ఒకసారి గట్టిగా గుద్దుకుని ఉండవచ్చు. అదే బెల్టు అడుగున ఎర్రమట్టి గీత కనిపిస్తే నీట మునిగిన బండి. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో మనం చూశాం. అవన్నీ తుక్కు కిందకు పోలేదు.

స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే సాకెట్ ఉంటుంది. నేను చూసిన ఒక తెల్ల జీటీ మీటరు 46,000 చూపిస్తోంది. మెకానిక్ అన్న స్కానర్ పెట్టి పాత లోపాల చిట్టా తెరిచాడు. ఏ లోపం ఎన్ని కిలోమీటర్ల దగ్గర వచ్చిందో కూడా కంప్యూటర్ రాసిపెట్టుకుంటుంది. ఒక వరసలో 81,000 అని ఉంది. ఆయన తెరను నా వైపు తిప్పాడు. యజమాని తల దించుకున్నాడు. మీటరు వెనక్కి తిప్పినవాడికి ఆ చిట్టా సంగతి తెలియలేదు. శక్తి పెంచుతామని కంప్యూటర్ లెక్కలు మార్పించిన బండ్లనూ ఇలాగే ఆరా తియ్యాలి. ఇంజిను ఇచ్చేది 175 అయితే, ఈ డీఎస్‌జీ మోయగలిగేది 250 న్యూటన్ మీటర్లు. ఇంజినీర్లు వదిలిన ఆ మిగులును ఎవరైనా తినేసి ఉంటే, ఆ బండి రోజువారీ వాడకానికి వద్దు.

కాగితాలు త్వరగా తేలిపోతాయి. ఆర్సీ మీద ఉన్న ఛాసీ నంబరు బండి మీదిదానితో అక్షరం అక్షరం కలవాలి. పేరు మార్పుకు ఫారం 29, 30. అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఫారం 35. వేరే రాష్ట్రం బండికి ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్సు. పెండింగు చలానాలు అమ్మేవాళ్ళతోనే కట్టించాలి.

నా తీర్పు ఇది. రోజూ గంటకు పైగా ట్రాఫిక్‌లో గడిపేవాళ్ళు 2020 తర్వాతి బండినే చూడండి. ఊరి బయట ఉద్యోగం, ఖాళీ రోడ్డు ఉన్నవాళ్ళకు, మొదటినుంచీ రికార్డు ఉన్న పాత 1197 సీసీ బండి దొరికితే డీఎస్‌జీకి భయపడి వదులుకోకండి. నేను పదకొండో బండి తీసుకున్నాను. 2017 నాటిది, వరంగల్ హైవే మీద తిరిగినది. ఆఫీసు వేళ మార్చుకుని పొద్దున ఆరున్నరకే బయల్దేరి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వెళ్తున్నాను. మీరూ వెతుకుతుంటే, చూడబోయే ముందు రోజు రాత్రే యజమానికి ఫోన్ చెయ్యండి. మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యవద్దని అడగండి.