పండు తీపి చాలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఇళ్లలో రాత్రి పాలకు తోడేయడాన్ని ఎవరూ ఒక పనిగా లెక్కపెట్టరు. ఆ పెరుగులోనే మగ్గిన పండు మెదిపి పసివాళ్లకు పెట్టే అమ్మలు, అమ్మమ్మలు, నానమ్మల నేర్పును మెచ్చుకోకుండా ఉండలేం.

విద్యంతా వేలి కొసలో ఉంది. కాగిన పాలు గోరువెచ్చగా తగలాలి. మరీ వేడైతే తోడులోని బాక్టీరియా చస్తుంది. చల్లారిపోతే పాలు సరిగా తోడుకోవు. చలికాలం తోడు కాస్త ఎక్కువ వేస్తారు, ఎండాకాలం చుక్క చాలంటారు. పులవకముందే పలుచటి గుడ్డలో మూటకట్టి వేలాడదీస్తే నీరు కారిపోయి పెరుగు చిక్కబడుతుంది. పులుపు లేనప్పుడు చక్కెరతో పనేముంది?

పండు ఎంచడమూ తేలిక కాదు. వేసవిలో మామిడి, వానలు తగ్గాక సీతాఫలం, చలికాలంలో సపోటా, ఏడాదంతా అరటి. గింజలన్నీ ఏరి, మెత్తగా మెదిపి, తినిపించే ముందే కలుపుతారు. పచ్చి పైనాపిల్ కలిపితే దాని ఎంజైము పాల ప్రొటీన్లను విరిచి పెరుగును చేదు చేస్తుంది. నల్లగొండ బత్తాయి ఎంత తీయనిదైనా, రసం పోస్తే పెరుగు నీళ్లవుతుంది.

రెండేళ్లలోపు పిల్లల తిండిలో చక్కెర కలపొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. ఏడాది నిండనివారికి తేనె కూడా పనికిరాదు. పసినాలుకకు పండు రుచిని పండు రుచిగానే పరిచయం చేస్తున్న ఈ చేతులకు జీతం లేదు, బిరుదూ లేదు. కనీసం మన మెప్పయినా దక్కాలి.