సర్దడంలో సిద్ధహస్తురాలు

పెట్టె సర్దడం అందరికీ పట్టుబడే విద్య కాదు. పొగాకు మొజాయిక్ వైరస్‌ది అందులో అందెవేసిన చెయ్యి. దాని జన్యువు సుమారు 6,400 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ పోగు. అందులో ఒకచోట ఉండే ప్రత్యేకమైన మడతను వైరస్ తొడుగు ప్రోటీన్లు గుర్తుపట్టి అక్కడే పని మొదలెడతాయి. కణంలోని తక్కిన ఆర్‌ఎన్‌ఏల జోలికి సాధారణంగా పోవు. పెరుగుతున్న తొడుగు నడిమి రంధ్రంలోంచి పోగు పైకి జారుతుంటే ప్రోటీన్లు చుట్లు చుట్లుగా పేరుకుంటాయి. ఒక్కొక్కటి మూడేసి అక్షరాలను పట్టుకుంటుంది. దాదాపు 2,130 చేరేసరికి 300 నానోమీటర్ల కడ్డీ తయారు! కొలబద్దతో పనిలేదు, పోగు పొడవే కొలత. మేస్త్రీ కూడా అక్కర్లేదు: 1955లో బర్క్‌లీలో శాస్త్రవేత్తలు ఫ్రాంకెల్-కాన్‌రాట్, విలియమ్స్ వైరస్ విడివిడి భాగాలను కలిపితే, అవే కూడుకుని మళ్లీ తెగులు తెప్పించగల వైరస్ అయ్యాయి. పంటకు శత్రువే కావచ్చు, పనితనానికి మాత్రం శభాష్ అనాల్సిందే.