గోడలు పాఠము చెప్పునా?

విశాఖపట్నములో సొంత భవనమున్న అంగన్‌వాడీ కేంద్రమును గుర్తుపట్టుటకు ఎవరినీ దారి అడుగనక్కరలేదు. గోడల మీద అక్షరములు, అంకెలు, ఏనుగు, రైలుబండి, పండ్లు, వారముల పేర్లు. అనేకచోట్ల నేల మొదలు కప్పుదాకా బొమ్మలే. చూడవచ్చిన పెద్దలు "ఎంత బాగున్నది!" అంటారు, ఫొటోలు తీసికొంటారు. బాగున్న మాట నిజమే. కాని ఆ గదిలో కూర్చునేది మూడేళ్లు నిండి ఆరేళ్లు నిండని పిల్లలు. గది బాగున్నదో లేదో చెప్పవలసినది వారి కన్ను, వారి చెవి, వారి చేయి. వాటి తీర్పు తెలిసికొనుటకు ఉన్నత పాఠశాలలో మనము నేర్చిన భౌతికశాస్త్రమే చాలావరకు సరిపోతుంది.

ముందుగా ఆ బొమ్మల వెనుకనున్న ఆలోచనకు న్యాయము చేయవలెను. దానికి 'బాలా' అని పేరు. భవనమే బోధనోపకరణము కావలెనన్నది దాని సారాంశము. ఈ శతాబ్ది ఆరంభములో కబీర్ వాజ్‌పేయి అను వాస్తుశిల్పి, ఆయన సంస్థ విన్యాస్, యునిసెఫ్ సహాయముతో దీనికి రూపము కల్పించినారు. తలుపు తిరిగేచోట నేల మీద కోణములు గీయుట, కిటికీ ఊచలను వేలితో దిద్దుకొనుటకు వీలైన ఆకారములలో వంచుట, పిల్లల చేతికి అందే ఎత్తున నల్లబల్ల పట్టీ పెట్టుట అందులోని ఉపాయములు. ఇవన్నీ చేయి పెట్టి చేసే పనులని పాఠకులు గమనింతురు గాక! రంగు ఇందులో ఒక భాగము మాత్రమే. 2021లో కేంద్రప్రభుత్వము సక్షమ్ అంగన్‌వాడీ పథకము క్రింద రెండు లక్షల కేంద్రములను మెరుగుపరచ తలపెట్టినప్పుడు నీటిశుద్ధి యంత్రము, టీవీ తెర, పెరటితోట మొదలైన వాటితోపాటు ఈ ఆలోచన కూడ జాబితాలో చేరినది. అయితే అది చేరినది గోడబొమ్మల రూపములో. తలుపును, ఊచను మార్చుట కంటె గోడకు రంగు వేయుట సులభము. ఫొటోలో కనబడేది కూడ అదే.

ఇక కంటి సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ప్రకారము నాలుగేళ్ల బాలుని సగటు ఎత్తు 103 సెంటీమీటర్లు. బాలికకు అరసెంటీమీటరు తక్కువ. నేల మీద చాప వేసికొని కూర్చున్నప్పుడు ఆ శిశువు కన్ను నేలకు ఇంచుమించు అరమీటరు ఎత్తున ఉంటుంది. గోడకు ఒక మీటరు దూరములో కూర్చున్న శిశువు, రెండు మీటర్ల ఎత్తున ఉన్న బొమ్మను చూడవలెనన్న దృష్టిని 56 డిగ్రీలు పైకెత్తవలెను. ఎనిమిదవ తరగతి విద్యార్థి కాగితము మీద త్రిభుజము గీసి, కోణమానినితో కొలిచి దీనిని సరిచూడవచ్చును. అంత మెడ ఎత్తి ఎంతసేపు చూచును? ఆ బొమ్మ నిలుచున్న పెద్దవారికోసము వేసినదని ఈ లెక్కయే చెప్పుచున్నది.

కనబడే ఎత్తున ఉన్న బొమ్మలన్నీ మేలు చేయునా అంటే, అదీ సందేహమే. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో ఫిషర్, గాడ్విన్, సెల్ట్‌మన్ అను పరిశోధకులు 2014లో ఒక ప్రయోగ ఫలితము ప్రకటించినారు. 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని విజ్ఞానపాఠములు బొమ్మలతో నిండిన గదిలోను, కొన్ని దాదాపు ఖాళీ గోడల గదిలోను చెప్పినారు. బొమ్మల గదిలో పిల్లలు 38.6 శాతము కాలము పాఠము నుండి దృష్టి మరల్చినారు. రెండవ గదిలో 28.4 శాతము. పిదప పెట్టిన పరీక్షలో సరియైన జవాబులు మొదటిదానిలో 42 శాతము, రెండవదానిలో 55 శాతము. ఇరువది నలుగురు పిల్లలు కొద్దిమందే. ఆ దేశము వేరు, ఆ తరగతి వేరు. కనుక గోడలకు సున్నము కొట్టి బొమ్మలన్నీ చెరిపివేయమని దీనిని బట్టి చెప్పరాదు. కాని 'ఎన్ని బొమ్మలుంటే అంత విద్య' అను నమ్మకము మాత్రము ఈ ప్రయోగము ముందు నిలువదు. బొమ్మ మారనిది కావుట మరొక లోపము. గోడకెక్కిన ఏనుగు అయిదేళ్లయినా అదే ఏనుగు. పిల్లవాడు నిన్న గీసిన గీతకు అక్కడ చోటు లేదు.

కన్నుకంటె ఎక్కువ అన్యాయము జరుగుచున్నది చెవికని నా అభిప్రాయము. దాని గురించి ఎవరును మాట్లాడరు, ఎందుకనగా అది ఫొటోలో పడదు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయములో ఒక ఉపన్యాసశాల కట్టి చూచుకొంటే, లోపల చెప్పిన మాట అర్థము కాలేదు. ఒక మాట హోరు అణగకముందే రెండవ మాట వచ్చి పడుచున్నది. వాలెస్ సబైన్ అను యువ భౌతికశాస్త్రాచార్యుడు రాత్రిళ్లు ప్రక్క నాటకశాల నుండి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, ఆర్గన్ గొట్టము మ్రోగించి, హోరు ఎంతసేపటికి అణగునో గడియారముతో కొలిచినాడు. ఆ శ్రమ నుండి పుట్టినది ఒక సులభ సూత్రము: గది ఘనపరిమాణమును 0.16తో గుణించి, గదిలోని మొత్తము శోషణతో భాగింపవలెను. కొలతలు మీటర్లలో ఉంటే హోరు అణగే కాలము సెకండ్లలో వచ్చును. ధ్వనితీవ్రత పదిలక్షవ వంతుకు తగ్గుటకు పట్టే కాలమన్న మాట. శోషణను కొలుచుటకు సబైన్ తీసికొన్న ప్రమాణము తెరచిన కిటికీ. దాని నుండి బయటికి పోయిన ధ్వని తిరిగి రాదు గదా!

మన గదికి ఈ లెక్క వేసి చూతము. 30 మంది పిల్లలకు కనీసము 35 చదరపు మీటర్ల గది ఉండవలెనని 2013 నాటి జాతీయ శిశువిద్యా విధానము చెప్పుచున్నది. పొడవు 7, వెడల్పు 5, ఎత్తు 3 మీటర్లనుకొందము. ఘనపరిమాణము 105 ఘనమీటర్లు. గోడలు, నేల, కప్పు కలిసి 142 చదరపు మీటర్లు. సిమెంటు పూత తనమీద పడిన ధ్వనిలో సుమారు నూటికి మూడు వంతులే పీల్చును. దానిమీద రంగు వేసినంత మాత్రమున పెద్ద మార్పు రాదు. ఈ లెక్కన తలుపులు మూసిన ఖాళీ గదిలో హోరు కాలము దాదాపు 4 సెకండ్లు. ఇరువది మంది పిల్లలు వచ్చి కూర్చుంటే, ఒక్కొక్కరు పావు చదరపు మీటరు కిటికీతో సమానమనుకొన్నను, 1.8 సెకండ్లు. తలుపులు, కిటికీలు కలిపి 5 చదరపు మీటర్లు తెరిస్తే 1.2. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరగతి గదికి సూచించినది 0.6 సెకండు. పెద్దవారు వినబడని అక్షరమును సందర్భమును బట్టి పూరించుకొంటారు. మాటలే ఇప్పుడిప్పుడు నేర్చుకొను శిశువు దేనితో పూరించుకొనును? 'కాకి'కి 'గాలి'కి తేడా వాడు చెవితోనే పట్టవలెను.

విశాఖలో కిటికీ తెరచుట కూడ అంత తేలిక కాదు. ఓడరేవును ఆనుకొని ఉన్న పాతనగరములో బొగ్గు, ఖనిజముల ధూళిని గురించి జనము ఏండ్ల తరబడి మొరపెట్టుకొనుచున్నారు. రోడ్డు ప్రక్క అద్దె ఇండ్లలోని కేంద్రములకు లారీల మ్రోత ఉండనే ఉన్నది. అటువంటిచోట సముద్రము వైపు, ఆగ్నేయముగా, ఒక కిటికీ, ఎదుటి గోడలో ఒకటి తెరచి, వీధి వైపువి మూయుట మేలు. పగటి పూట సముద్రపు గాలి ఆ దారిన వచ్చి పోగలదు. మిగిలినది బట్ట చూచుకొనును. పాత చీరలతో కుట్టిన బొంతలు 12 చదరపు మీటర్ల మేర గోడ పైభాగమున మడతలతో వ్రేలాడదీసి, అవి పడిన ధ్వనిలో సగము పీల్చుననుకొంటే, తెరచిన గదిలో కాలము 1.2 నుండి 0.84కు దిగును. నెలకొకసారి ఉతుకవలెను, నిజమే. కాని శిశువు కన్ను చేరని ఆ పైగోడకు రంగుకంటె బొంతయే ప్రయోజనకరము. క్రింది మీటరు కంటికి, చేతికి వదలి, పైది చెవికి ఇయ్యవలెను.

చేతి మాట చెప్పుటకు పాత చరిత్ర కొంచెము కావలెను. 1907 జనవరి 6న రోమ్ నగరములోని శాన్ లొరెంజో పేటలో మరియా మాంటిసోరి తన మొదటి శిశుగృహమును తెరచినది. బరువైన బల్లలు తీసివేయించి పిల్లలే మోయగల చిన్న కుర్చీలు, వారి చేతికందే తెరచిన అరలు పెట్టించినది. కుర్చీ తేలికగా ఉంటే తగిలినప్పుడు పడిపోవునని కొందరు ఆక్షేపించగా, పడవలసినదే, ఆ చప్పుడే పిల్లవానికి తన నడకలోని తప్పు తెలుపునని ఆమె భావము. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినది. అటు బొంబాయి రాష్ట్రములో తారాబాయి మోడక్ 1945లో బోర్డీ గ్రామములో బాలశిక్షణ ఆరంభించి, ఖరీదైన ఉపకరణములకు బదులు ఊరిలో దొరకు వస్తువులనే వాడినది. అంగణమనగా ముంగిలి, పిల్లల ముంగిటికే బడి పోవలెనన్న ఆమె తలపు 'అంగన్‌వాడీ' అను పేరులోనే ఉన్నది. 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ప్రారంభమైన శిశు అభివృద్ధి పథకము ఆ పేరునే దేశమంతటా వ్యాపింపజేసినది.

మరి నేడు ఆటవస్తువులెక్కడ ఉన్నవి? నేను చూచిన కొన్ని కేంద్రములలో ఇనుప బీరువాలో, తాళము క్రింద. కార్యకర్తను తప్పుపట్టుట సులభము, అన్యాయము. ప్రతి వస్తువు స్టాకు రిజిస్టరులో ఎక్కినది. చెక్కదిమ్మ ఒకటి పోయిన జవాబు చెప్పవలసినది ఆమెయే. కనుక ఆ గదిని తీర్చిదిద్దినది వాస్తుశిల్పి కాదు, బోధనాశాస్త్రము కాదు, ఆడిటు. అరిగిపోవుటకు, విరుగుటకు, పోవుటకు ఏటా ఇంత భాగమని లెక్కలలోనే విడిచిపెట్టినదాక, ఎంత రంగు వేసినను ఆ బీరువా తెరచుకోదు. తెరచుకొన్ననాడు పెద్ద ఖర్చు లేదు. మన పాత ఇండ్లలో దీపము పెట్టు గూళ్లవలె, నేలకు అరమీటరు లోపల నాలుగు గూళ్లు, రెండు పీటలు, ఒక తాటాకు చాప చాలును. ఒక మూల దిమ్మలకు, ఎదుటి మూల కథకు విడిగా ఉంచితే ఒకరి సందడి మరొకరికి అడ్డురాదు.

కేంద్రములు ప్రాథమిక పాఠశాలల ఆవరణలలోను, ఉన్నత పాఠశాలలకు దాపునను అనేకము ఉన్నవి. విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు, కార్యకర్త అనుమతితో, ఒక శనివారము పదిమంది విద్యార్థులను టేపుతో పంపవచ్చును. నేల మీద కూర్చున్న పిల్లల కంటి ఎత్తు, నల్లబల్ల అడుగు అంచు ఎత్తు, తెరచుకొనే కిటికీల వైశాల్యము, పిల్లవాడు ఎవరినీ అడుగక తీసికొనగల వస్తువుల సంఖ్య వ్రాసికొని రావలెను. చివరి గడిలో సున్న వస్తే, బీరువా తాళపుచెవి ఎంత ఎత్తున వ్రేలాడుచున్నదో దాని ప్రక్కనే వ్రాయవలెను.